ఇత్తడి గుల్ల

నిజ్వా సూఖ్‌ల షట్టర్ సగం దించినంక
వచ్చింది మౌజా బీబీ.
బియ్యం సంచిల చుట్టి తెచ్చిన దాన్ని
నా బెంచి మీద పెట్టి
చేతులు అబాయాకు తుడుచుకున్నది.

ఖల్ఫాన్ సేటు ఖంజర్ పిడికి వెండి తీగ చుట్టుడు ఆపి
"రాజలింగూ, మీ తాత పని" అన్నడు.

మా తాత మెట్‌పల్లి దిక్కు భర్మారులు చేసిన మనిషి,
దొరకు తెలిసి ఒకటి, తెల్వకుంట మూడు.
నేను లేత్ మీద బతుకుతున్నోన్ని.
తుపాకిని ముందుగాల వాసన చూడాలె అనెటోడు.
చూసిన.
లవంగ నూనె.

"జంజిబార్‌ది" అన్నదామె.
"అరవై నాలుగుల. పడవల.
నా ఒళ్లె గుడ్డబొమ్మ, బొమ్మ కడుపుల ఇది.
నాకు ఏడేండ్లు. ఏడవద్దన్నరు. ఏడవలే."

గొట్టం మీద ముద్ర లేదు.
చట్రం మీద నంబరు లేదు.
బెల్జియంలదైతే కోడిగుడ్డు గీతల అక్షరాలుంటయి,
ఇంగ్లండుదైతే యాడనో ఒక కిరీటముంటది.
ఆకురాయితోని చెరిపేసిన జాగన్న ఉండాలె గదా,
అదీ లేదు.
పిడి చెక్కలు ఊడదీస్తే
ఒక్కో మర ఒక్కో తీరు,
ఏ రెండూ ఒక్క తల్లి పిల్లలు కావు.
ఏ బజార్లనో, ఎవని కొలిమిలనో
చూసి చేసిన నకలు. బాగ చేసిండు.
పేరెందుకు పెట్టుకోలేదో ఆయనకే తెల్వాలె.

"దీంట్ల ఏ గుండు పడ్తది?" అడిగిందామె.
"అమ్ముతరా అమ్మా?"
"కాదు."
మెడల పిన్నీసు విప్పి, గుడ్డ ముడి విప్పి
ఒక ఇత్తడి గుల్ల తీసింది.
కాలిన గుల్ల. అడుగున చిన్న సొట్ట.

"మా నాయిన దిండు కింద దొరికింది.
ఆ రాత్రి మా వాకిట్ల ఒక మనిషి పడ్డడు.
కాల్చింది మీ నాయినేనని
అమ్మ సచ్చేదాంక చెప్పింది.
నాయిన అవునన్లే. కాదన్లే.
నలభై ఏండ్లు మా ఎదుటనే ఖర్జూరాలు నమిలిండు."

గంధకం కరగవెట్టి ఒక గదిల పోసిన.
సల్లారినంక జారివడ్డది
పసుపుపచ్చని కడ్డీ, చిన్నపిల్ల వేలంత.
వెర్నియర్ల పెట్టి చూసిన:
పదికి ఒక పిసరు తక్కువ.
గుల్లను పట్టి చూసిన:
పన్నెండు దాటింది.
మల్ల చూసిన. అద్దాలు తుడిచి మల్ల.

కాలిన ఇత్తడి ఉబ్బుతది, నిజమే,
ఉబ్బితే వెంట్రుకంత.
రెండు మిల్లీమీటర్లు ఉబ్బదు.
ఇంకోటి, ఇది నల్లమందు నాటి సన్న గుండుది,
నల్లమందు కాలితే ఇనుమును అమ్మవారు పోసినట్టు తింటది.
ఈ ఆరు గదులల్ల ఒక్క మచ్చ లేదు.
తుడిచిండ్రేమో, చెప్పలేం.
నా మట్టుకు నేను ఇది కాలిందంటె నమ్మ.

నా అరబ్బీల ధరలున్నయి, కూలి ఉన్నది,
రేపు రా అనుడున్నది.
మీ నాయిన కాదమ్మా అనెటందుకు
మాట లేదు.
గుల్లను ఆమె దిక్కు జరిపి
"మీరే పెట్టి చూడుండ్రి" అన్న.

మొదటి గది. నోట్లె సుత పట్టలే.
రెండోది.
ఆరూ చూసింది, ఒక్కటి విడువకుంట,
ఆరోదానికి చెయ్యి వణికింది.
సేటు గావా పోసిండు. తాగలే.
"మరి ఈ గుల్ల ఎవరిది?" అన్నది
నన్ను కాదు, సేటును కాదు.

జరసేపైనంక
గుల్లను మల్ల గుడ్డల ముడేసి
పిన్నీసు పెట్టుకొని పోయింది.
తుపాకి బెంచి మీదనే ఉన్నది.
సేటు కేకేసిండు. ఎనుకకు తిరగలే.

రాత్రి క్యాంపుల అన్నం కలుపుతుంటే
వేళ్లకు ఇంకా లవంగం వాసన.
పక్క మంచపోడు ముక్కు ఎగబీల్చి
బిర్యానీ యాడ తిన్నవే అన్నడు.