రబ్బరు ముక్క

విశాఖలో కంప్యూటరుకి మొదటి శత్రువు వైరస్ కాదు,
గాలి.
సముద్రం వైపు కిటికీ తెరిచే ప్రతి ఇంట్లోనూ
ర్యామ్ పళ్ళకి పాచి పడుతుంది.
మూడు బీపులు, నల్లటి తెర,
"కొత్తది కొనాలా?" అంటూ ఓ దిగులు మొహం.
నేను జేబులోంచి బడిపిల్లల రబ్బరు తీస్తాను.
బంగారు గీతల మీద నాలుగుసార్లు రుద్ది, ఊది,
మళ్ళీ కూర్చోబెడతాను.
టక్కుమంటుంది. వెలుగుతుంది.
రబ్బరుకి డబ్బులు అడగడం నాకిప్పటికీ చేతకాదు.

ముప్ఫై ఏళ్ళ కిందట డాబాగార్డెన్స్‌లో, మేడమెట్ల కింద
పని నేర్పినవాడు తవిటయ్య మేస్త్రీ.
రేడియోలయ్యాయి, టీవీలయ్యాయి,
కంప్యూటరుని చూసి "ఇదీ పెట్టే కదరా" అన్నాడు.
"మిషనూ అబద్దమాడదు, మనిసీ ఆడడు.
ఇద్దరూ సగమే సెప్తారు.
మిగతాది నువ్వు ముక్కుతో పట్టాల."
నిజంగా ముక్కుతోనే.
కాలిన కెపాసిటర్ వాసన వేరు,
పవర్ సప్లయిలో చచ్చిన బల్లి వాసన వేరు.

మర్రిపాలెంలో ఓసారి గంటన్నర వెతికాక
ప్లగ్గే పెట్టలేదని తేలింది.
ఇంటావిడ నవ్వలేదు. కాఫీ ఇచ్చింది.
ఆ కాఫీ తాగడం
ఈ వృత్తిలో నేను చేసిన కష్టమైన పనుల్లో రెండోది.

స్క్రూలు వక్కపొడి డబ్బాలో దాస్తాను.
ఒక రిపేరులో ఒకటి మిగులుతుంది,
ఇంకోదానిలో ఒకటి తగ్గుతుంది.
లెక్క ఇన్నేళ్ళూ ఎలా సరిపోతోందో నాకు తెలీదు.

హుద్‌హుద్ వెళ్ళిన నాలుగో రోజు,
కరెంటు లేని ఊళ్ళో, పడిపోయిన చెట్లు దాటుకుంటూ
ఫిషింగ్ హార్బర్ నుంచి నడిచొచ్చింది
ఐసు నూకరత్నం,
నెత్తిమీద సీపీయూ, చేపలగంపలా.
దించితే మూలలోంచి నీళ్ళు కారాయి.
వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు.
"పడవలోల్ల కాతాలన్నీ ఇందులోనే బాబూ. తొమ్మిదేళ్ళవి."

పాత టూత్‌బ్రష్షు, స్పిరిట్టు,
అల్లిపురంలో ఒకడి దగ్గర దొరికిన అదే రకం డిస్కు బోర్డు.
కరెంటొచ్చిన రాత్రి
డిస్కు మొదట దగ్గింది,
తర్వాత తిరిగింది.

"సదువు," అంది నూకరత్నం.
చదివాను.
వాసుపల్లి ఎర్రయ్య, నలభై దిమ్మలు.
"ఆడి పడవ రెండు ముక్కలైపోనాది."
సూరాడ దానయ్య, నూటపది.
"ఆడిది దొరకనే లేదు."
తెల్లారేదాకా పేర్లు చదివాను,
ఆవిడ పడవలు చెప్పింది.
ఆఖర్న అడిగింది:
"ఇది మల్లీ పాడవదేటి?"

ఇన్నేళ్ళలో నన్నెవరూ అలా అడగలేదు.

"నానే ఒగ్గేసానంటే ఆల్లు తలెత్తుకోలేరు.
రేపు నా కాడ ఐసు అడగడానికి సిగ్గుపడతారు.
మిషనే పోయిందను.
నువ్వు సెప్తే నమ్ముతారు."

జెట్టీ మీద అందరి ముందూ నిలబడి
"దొరకలేదు. ఏమీ మిగల్లేదు" అన్నాను.
కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
ఎర్రయ్యే ముందుకొచ్చి నా భుజం తట్టాడు:
"పోనీలే బావూ, నువ్వు మాత్రం ఏటి సేస్తావు?"
నాకు టీ ఇప్పించాడు.
మొదటిది అదీ.

ఆ డిస్కు నా బల్ల సొరుగులోనే ఉంది.
తిరుగుతుందో లేదో చూడలేదు.
నూకరత్నానికి ఇప్పుడు రెండు ఫ్యాక్టరీలున్నాయి,
ఖాతా నోటుపుస్తకంలో రాయిస్తుంది, పెన్సిల్‌తో.

గుమ్మం దగ్గర ఎవరో పెట్టె దించుతున్నారు.
మూడు బీపులంట.
రబ్బరు అరిగి చింతగింజంత అయింది.
ఇంకో నాలుగు ర్యాములకి వస్తుంది.