అంటించే పంచె

పొద్దున్న ఏడింటికి సత్యనారాయణపురం వచ్చాడు.
రైలు పట్టాలు పీకేసి వేసిన ఆ వెడల్పాటి రోడ్డు మీద
కారాపి, చెప్పులు విప్పి,
మా వీధిలోకి కాలినడకన.
నుదుట మూడు వేళ్ల విభూతి, ఇంకా తడారలేదు.
జరీ అంచు పంచె. కొట్లో పెట్టిన మడతలు
పలకలు పలకలుగా నిలబడే ఉన్నాయి.

"మన ఆచారం, మన కుటుంబం, మన కట్టుబాటు" అన్నాడు.
మూడుసార్లన్నాడు. మూడోసారి
పక్క కుర్రాడి చేతిలో కాగితం చూసి అన్నాడు.

మేం వాటినే నమ్ముకున్నవాళ్లం.
అందుకే అనుమానమూ మాకే ఎక్కువ.
రోజూ పాలు కాచే చేతికే కదా
విరగబోయే వాసన ముందు తెలిసేది.

సూరమ్మత్తయ్య హారతివ్వలేదు.
"పొయ్యి మీద పప్పుంది నాయనా" అంటూ లోపలికెళ్లిపోయింది.
ఆ రోజు ఏకాదశి.
ఆవిడ పొయ్యి వెలిగించదని వీధంతటికీ తెలుసు,
అతనికి తప్ప.

పేర్రాజుగారు రైల్వేలో గార్డు చేసి రిటైరైన మనిషి.
పచ్చజెండా ఊపే ముందు
ఆఖరి పెట్టె దాకా కళ్లతో తడిమే అలవాటు.
మెల్లగా అడిగారు:
"బాబూ, మీ నాన్నగారి తద్దినం ఏ తిథి?"
అతను నవ్వాడు. "మీ ఆశీస్సులు కావాలి" అన్నాడు.
కాళ్లకు దణ్ణం పెడుతుంటే ఫొటో తీశారు.
వెలుతురు చాల్లేదని ఇంకోసారి పెట్టించి తీశారు.

సాయంత్రం చొక్కా గుండీలకని మస్తాన్‌వలీ కొట్టుకెళ్తే
మిషన్ మీద ఆరు పంచెలు.
"పొద్దున మీ వీధికొచ్చినాయనవే సార్.
నడుం దగ్గర అంటించే పట్టీ కుట్టమన్నారు.
కార్లోనే మార్చుకోవాలంట, కట్టుకునే టైముండదంట."
లాగి చూపించాడు.
చర్రుమంది.
"మా నాన్న కట్టేవాడండీ," అన్నాడు దారం కొరుకుతూ,
"నిద్దట్లో కూడా జారేది కాదు."

నలభై రెండేళ్లుగా ఒకటే గుర్తు నాది.
మా ఆవిడ పన్నెండో రోజు వెళ్లిన మర్నాడు కూడా
వెళ్లి దానికే వేసొచ్చాను.
అటువాళ్లు నచ్చుతారా అంటే, ఈ జన్మకి నచ్చరు.
అదే ఇతని ధీమా.
నన్ను కుట్టేదీ అదే.

పోనీ లుంగీతోనే వచ్చి
"అయ్యా, నాకు తిథులూ అవీ తెలీవు,
మురుక్కాలవ మాత్రం బాగుచేయిస్తా" అనుంటే
కుర్చీ వేసి మజ్జిగిచ్చేవాణ్ణి.

స్కూలు గది. బల్ల చుట్టూ అట్టముక్క.
గోటి మీద సిరా చల్లగా.
నా గుర్తు, దాని పక్కన అతని బొమ్మ,
విభూతితో సహా.
వేలు చాచాను.
ఎక్కడో చర్రుమన్నట్టయింది.
బయట వరసలో ఎవరో దగ్గారు,
"ఏంటి పెద్దాయనా, ఇంకా" అన్నారు.
వేలింకా గాల్లోనే ఉంది.