తొలి దోసిలి

మా ఇళ్ళల్లో కృష్ణ నీళ్ళు తొలి దోసిలి తాగరు.
ఒంపేస్తారు.
ఎందుకని అడిగితే
మా నాయన "అంతే" అనేవాడు.
వాళ్ళ నాయనా అంతే అన్నాడట.

ఆ "అంతే" వెనక ఎవరున్నారో చూద్దామని
ఆటోనగర్లో గ్రానైటు కోసే మిషను ఆపి
మూడు గురువారాలు కూలి పోగొట్టుకుని
పాత కాయితాల ఆఫీసు మెట్లెక్కాను.
జుట్టులో రాతిపొడి. దులిపినా పోదు.
గుమస్తా కుర్చీ కాస్త వెనక్కి జరుపుకున్నాడు.

నా దగ్గరున్నది ఒక్క పేరు:
పల్లపు సుంకులు.
బెజవాడ ఆనకట్టకి రాయి కొట్టినవాడు,
సీతానగరం కొండ పక్కన గుడిసె,
ఒక గాడిద కూడా ఉండేదని.

గుమస్తా మంచివాడే.
చెదలు తిన్న పుస్తకాన్ని
పురిటిబిడ్డని ఎత్తినట్టు ఎత్తి తెచ్చాడు.
"వీటిల్లో మనుషులుండరండీ,
కొలతలుంటాయి" అన్నాడు ముందే.

నిజమే.
రాయి ఇన్ని ఘనపుటడుగులు.
సున్నం ఇన్ని పుట్లు.
మోకులు, పడవలు. తట్టలు నూట ఇరవై.
వడ్డెరలు నలభై ఒకరు, గాడిదలు పదహారు.
మర్నాడు వడ్డెరలు నలభై.
గాడిదలు పదహారే.

వేలు అక్కడే ఆగిపోయింది.
జ్వరమా? రాత్రికి రాత్రి పారిపోయాడా?
పైనుంచి బండ జారిందా?
సిరా ఏమీ చెప్పలేదు.
తగ్గిన కూలి లెక్క మాత్రం
పైసలతో సహా సరిపోయింది.

ఫోన్లో ఫోటో తీసుకున్నాను.
వారధి మీద బస్సులో దానివంకే చూస్తూ
ఇదే మా తాత చావని నమ్మేశాను.
ఏడవడానికి కొంచెం ప్రయత్నించాను కూడా.
పక్కసీటాయన కిటికీ వేసేయమన్నాడు, దుమ్ము వస్తోందని.

తాడేపల్లిలో మా పెద్దమేనత్త గురవమ్మకి
చూపు పోయింది. చెవులు మాత్రం పాము చెవులు.
అంతా చదివి వినిపిస్తే
పొగాకు బుగ్గన సర్దుకుని నవ్వింది.

"సుంకులెవడ్రా?
సుంకులమ్మ.
తాత కాదు, అవ్వ.
మగోళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటా చెప్పుకుంటా
దారిలో అమ్మని రాల్చేశారు."

డొక్కల కరువులో
గుంటూరు సీమ నుంచి ఏటికేసి నడిచిన పిల్లట.
చంకలో తమ్ముడు.
ఏటి తెలుపు కనపడతా ఉండగా
చంకలోనే చల్లబడ్డాడట.
"వాడి వంతు మింగేత్తామా?" అంది అత్త,
నిన్న మొన్న జరిగినట్టు.
వాడి పేరడిగాను.
"చిన్నోడు" అంది.
అంతకంటే పెరగలేదు మరి, పేరెందుకు?

పెద్దయ్యాక ఆ పిల్లే
అదే ఏటికి అడ్డంగా రాయి మోసింది.

ఇంటికొచ్చి ఫోటో మళ్ళీ తీశాను.
వేళ్ళతో సాగదీసి, మసకబారేదాకా పెద్దది చేసి
నలభై ఒకటి దాటి పైకి జరిగాను.
తట్టలు నూట ఇరవై.
తట్ట దానంతటది నడవదు కదా.
దాని కింద ఒక తల ఉండాలి,
తల కింద చుట్టకుదురు,
కుదురు కింద ఎక్కడో
మా అవ్వ మెడ.

ఇక ఆ నలభై ఒకటోవాడున్నాడే,
ఎవరి తాతో.
వాణ్ణి వెతుక్కుంటూ ఎవరన్నా
ఆ మెట్లెక్కారో లేదో.
నేనైతే బస్సులో అరగంట
వాడి మనవణ్ణి.

రాయి కోసేటప్పుడు బ్లేడు మీద సన్నగా పడతాయే,
ఆ కుళాయి నీళ్ళూ కృష్ణవే.
ఈమధ్య పనిలో దాహమైనప్పుడు
రెండు దోసిళ్ళు ఒంపుతున్నాను.
క్యారేజీ తెచ్చిన మా చిన్నది చూసింది.
"రెండెందుకు నాన్నా?" అంది,
చప్పుడులో వినపడదని గట్టిగా అరిచి.

మిషను ఆపాను.