గ్రీజు డబ్బా వెనక

వైక్కో దగ్గర రెండు నోటుబుక్కులు.
ఒకటి వంటింటి సొరుగులో.
అందులో బండి ఖరీదు తొమ్మిది వందల యూరోలు,
ఆ కింద అంతా తెల్లకాగితమే.
రెండోది షెడ్డులో, గ్రీజు డబ్బా వెనక.

అరవై ఏడో మోడల్ సాబ్.
నలభై చలికాలాలు తాంపెరే రోడ్ల మీద
ఉప్పు తిన్న బండి.
తిన్న ఉప్పుకి విశ్వాసం మాట దేవుడెరుగు,
వేలితో పొడిస్తే
అడుగురేకు వేయించిన అప్పడం.

రేకులకు పదకొండు వందలు.
వెల్డింగుకి నాకు నాలుగు వందలు, ఒక సీసా.
సీసా ఇద్దరం తాగాం, రాసింది మాత్రం నా పేరు మీదే.
స్వీడన్ నుంచి హెడ్‌లైటు రింగు
అరవై, అది రావడానికి డెబ్భై.
రంగు సంగతి అడక్కండి.
"ఈ ఆకుపచ్చ కాదు" అన్న ప్రతిసారీ
మళ్ళీ ఒక డబ్బా.

తీరా మ్యూజియం బండి అని కాగితం వచ్చాక
ఏడాదికి ముప్పై రోజులే తిరగాలట.
మొన్న వేసవిలో పదకొండు రోజులు తిరిగింది,
అందులో రెండు నా ట్రాక్టరు వెనక, తాడుతో.

జూన్‌లో, చీకటి పడని ఒక రాత్రి,
సరస్సు పక్క పల్లంలో
ఇంజను పోపులో ఆవాలై చిటపటలాడింది.
ముందు సీట్లో ఇర్మెలి అద్దం దించి
చెయ్యి బయట పెట్టింది.
ఎవరం మాట్లాడలేదు.

నవంబరులో పుస్తకం పట్టుకొచ్చి చూపించాడు.
చివరి మొత్తం కొట్టేసి ఉంది.
పక్కన ఆమె గుండ్రటి అంకెలు:
"సరస్సు రోజు పెట్రోలు, ముప్పై రెండు.
వందల దగ్గర చేతిలో ఒకటి మరిచావు."

పెన్సిలు కూడా చెక్కి పెట్టింది.