పాప మేలుకునే ఉంది

తెల్లారగట్ల నాలుగింటికి
ఫిషింగ్ హార్బరు మూడో జెట్టీ కాడ
కోనెం కుప్పకి పాట పాడతన్నాను.
ఒక కుప్ప రెండయ్యింది.
ఒక మేస్త్రీ పక్కన ఇంకో మేస్త్రీ,
ఇద్దరిదీ ఒకటే బీడీ.
"ఏటే ఎరకమ్మా, బుట్ట ఒకటైతే
ధర రెండింటికి అడుగుతన్నావు" అని
ఎవడో నవ్వినాడు.
నానూ నవ్వీసినాను.
యారాడ కొండ మీద లైటు కూడా
రెండై తిరగతంటే
అప్పుడు నవ్వు ఆగిపోనాది.

మజ్జానానికి కుడిరెప్ప దిగిపోనాది,
బేరం లేని కొట్టు సట్టరు లాగ.
కనుబొమ్మ ఎనక ముల్లు,
రొయ్య మూతి ముల్లంత సన్నం.
రెప్ప మూసుంటే లోకం ఒకటే.
వేలితో ఎత్తితే రెండు.
దిష్టన్నారు. గాలన్నారు.
జాలారిపేటంతా తలా ఒక పసరు సెప్పినారు.
ఐసు దించే చిట్టిబాబు ఒక్కడే
"బేగి పద పిన్నీ" అని
నన్నూ ఐసునీ ఒకే ట్రాలీ ఆటోలో ఎక్కించినాడు.
కేజీహెచ్ ఎత్తు ఎక్కీసరికి
నా సీర సగం తడిసిపోనాది.

డాక్టరమ్మ సిన్నపిల్ల.
పైకి చూడమంది. కన్ను ఇనలేదు.
ముక్కు వైపు చూడమంది. ఇనలేదు.
లంగరు తెగిన తెప్ప లాగ
బయటికే, కిందికే పోతంది.
"కంటిని తిప్పే తాళ్లు ఆరమ్మా.
నాలుగింటిని లాగేది ఒకటే నరం, మూడోది.
రెప్పనెత్తేదీ అదే."
ఆరు తాళ్ల వలకి
నాలుగు తాళ్లు ఒక్కడి సేతిలో ఎట్టినోడు
ఎప్పుడూ ఏటకెల్లి ఉండడు.

తరవాత టార్చి ఏసింది.
ఏసి, తీసి, మళ్లీ ఏసింది.
అంతసేపూ బిగపట్టిన ఊపిరి
నా మొకం మీద ఒదిలింది.
"పాప ముడుచుకుంటోంది. మేలుకునే ఉంది."
ఇంట్లో పిల్ల సంగతి సెప్పినట్టే సెప్పింది.

షుగరు మూడొందల నలభై.
నరం నడిమికి బువ్వ మోసే సన్న కాలవ
పూడిపోనాదంట.
పాపని సూసుకునే పోగులు పైపైన ఉంటాయి,
అవి బతికున్నాయి.
"అయినా స్కానింగు తీద్దాం" అన్నాది.

అదే బెంచీ మీద, నా పక్కన
గాజువాక నుంచొచ్చిన దమయంతి.
టైలరంట. ముప్పై ఏళ్లుంటాయేమో.
తల రెండు సేతుల్తో పట్టుకున్నాది,
నిండు బిందెని పట్టుకున్నట్టు.
రెప్ప నా రెప్పలాగే.
నానన్నాను: "ఏటీ కాదమ్మా, షుగరే."

టార్చి ఏసినారు.
ఆ పాప కదల్లేదు.
నేరేడుపండంత నల్లగా
ఎలుగునంతా మింగి ఊరుకున్నాది.
డాక్టరమ్మ నడవలేదు, లగెత్తింది.
నరం పక్కన రక్తనాళం బుడగై ఉబ్బి
నరాన్ని నొక్కుతందంట.
పగిలితే,
అని ఒకలు మొదలెట్టినారు,
ఇంకొకలు స్ట్రెచరు తోసుకుపోనారు.

నాకు నల్లగుడ్డ, మాత్రలు,
పొద్దున్నో సూది, రాత్రో సూది,
"మూడు నెలలు పట్టొచ్చు, నరం తనే లేస్తుంది."
ఒంటికన్నుతో పాట పాడినాను.
మెట్టు ఎక్కడుందో కాలికి తెలీదు,
గంప నేల మీద కాదు, గాల్లో దించినాను,
కవ్వళ్లు నా పాదాల మీదే పోసుకున్నాను.
కొత్త కుర్రోళ్లు కన్ను కొట్టమన్నారు.
కొట్టేదేటి, అది కొట్టే ఉంది.

తొమ్మిదో వారానికి రెప్ప ఒక గీతంత ఇచ్చుకున్నాది.
యారాడ కొండ మీద రెండు లైట్లు
పంతం ఒదిలిన తోడికోడళ్ల లాగ
రోజుకింత దగ్గరికొచ్చి
పదకొండో వారం ఒకటే అయినాయి.
మేస్త్రీ కూడా ఒకడే అయినాడు,
అది కొంచెం నష్టమే.

ఆవేళ తొడకాడ నుంచి తీగ తోసి
ఆ బుడగలో సుట్టలు నింపినారని
ఒక వార్డుబాయ్ అన్నాడు.
ఇంకొకడు ఏటీ అనలేదు.

నా బెంచీ కింద ఒక సెప్పు ఉండిపోనాది.
నీలంది, ఎడమకాలిది,
మడమ కాడ సూదితో కుట్టుకున్నాది, మంచి కుట్టు.
గంప పక్కనెట్టుకునే పాట పాడతన్నాను.
ఎవలైనా గాజువాక ఏపు ఎల్తే
అడగండి.