సగపాలు

కోడి నాది.
గుడ్లు జైనబక్కవి.
పిల్లలైతే చెరిసగం.
కాయితం లేదు, సాక్ష్యం లేదు,
ఆమె గోడ అవతల నిలబడి అన్నది,
నేను బోళ్ళు తోముకుంట ఊఁ కొట్టిన.

మూడొద్దుల సంది బొట్లకోడి
బియ్యం డబ్బ ఎనుక ముడుచుక కూసున్నది.
చెయ్యి పెడితే గుర్రుమని ఉబ్బి
మణికట్టు మీద పొడిచింది, రక్తం చిమ్మింది.
ఈకలు రాలిన దాని రొమ్ము
పొయ్యి దించిన పెంకు తీరు కాలుతున్నది.
ఒట్టి నేలను పొదుగుతున్నది, పిచ్చిది.

పాత గంపల ఇసుక, ఇసుక మీద వరిగడ్డి,
గడ్డి మీద పదమూడు.
బేసి ఉండాలె అన్నది జైనబక్క.
వేరే పెట్ట వచ్చి దొంగగుడ్డు పెట్టిపోతదని
ఒక్కొక్క దానికి బొగ్గుతోని గీత గీసిన.
ఉరిమితే గుడ్లు మురుగుతయని
ఇనుప మొల ఒకటి, ఎండు మిరపకాయ ఒకటి దోపిన.
నమ్ముతవా అంటే ఏం చెప్పాలె?
ఆ మొల ఇప్పటిదాక తియ్యలేదు.

ఏడో రాత్రి కరెంటు పోయింది.
సెల్లు లైటు మీద గుడ్డు నిలబెట్టి చూసినం ఇద్దరం.
లోపల ఎర్రటి దారపు పోగులు,
నడుమ మినపగింజంత చుక్క,
అది కదిలింది.
"యా అల్లా" అన్నది జైనబక్క మెల్లగ,
ఆరుగురిని కన్న మనిషి.
రెండు గుడ్లల్ల మాత్రం ఒట్టి వెలుతురు.
తీసి పక్కన పెట్టినం.

రోజుకు ఒక్కపారి దిగుతది.
గబగబ నాలుగు మక్కలు, రెండు బుక్కల నీళ్ళు,
కోట మట్టిల ఒక్క పొర్లాట,
మల్ల ఉరుకుడే.
ఎనుమాముల మార్కెట్ల
రాలిన మక్కలు ఊడ్చే మాకు
మేస్త్రీ ఇచ్చే అన్నం గంట కూడ
దీని సెలవంతనే.
నేను కొంగున కట్టుకొచ్చేది ఆ మక్కలే.
కోడికి ఎరుక లేదు, మేస్త్రీకి ఎరుక.

ఇరవై ఒకటో పొద్దు
చెవి పెడితే పెంకులోంచి మాట.
నేను గోటితోని ఒలువబోతే
జైనబక్క చేతి మీద చరిచింది:
"ఆగు, దాని దారి అది తవ్వుకోని."
పది బయటికొచ్చినయి.
పదకొండోది పెంకుకు ముక్కు ఆనిచ్చి ఆగిపోయింది,
దాని గురించి మాట్లాడుకోలేదు.

పది అంటె అయిదు, అయిదు.
పంచాయితి లేదనుకున్నం.

గింజ దొరికితే ఒక పిలుపు,
గద్దకు ఒక పిలుపు.
ఆ రెండోది ఇనంగనే
పది పిల్లలు రెక్కల కింద మాయమైతయి.
ఆదివారం నాడు ఒకటి ఇనలేదు,
బండ సందున చీమలు ఏరుకుంటున్నది.
గద్ద పోయి మట్టికోట మీద వాలినా
బొట్లకోడి ఎగిరెగిరి
ఒట్టి గాలిని తన్నుకుంటనే ఉన్నది.

పోయింది నీదా, నాదా?
ముందుగాల అడిగింది నేనే. ఇప్పటికీ సిగ్గే.
పిల్ల మీద పేరున్నదా?
రెండు రోజులు గోడకు అటు ఆమె, ఇటు నేను.
కోడి మాత్రం తొమ్మిదింటిని ఏసుకొని
ఆమె వాకిలి గీకింది, నా వాకిలి గీకింది.

రెండు నెలలకు ఒకనాడు
నూక చూపిచ్చిన ముక్కుతోనే
పిల్లల నెత్తి మీద పొడిచింది.
దగ్గరకొస్తే తరిమింది, మల్ల వస్తే మల్ల.
"ఇగ పంచుకుందాం" అన్నది జైనబక్క.
నాలుగు అటు, నాలుగు ఇటు.

తొమ్మిదోది ఎటూ పోలేదు.
గోడ మీదనే పండుకుంటది.
పెట్టయితే, గుడ్డు ఏ దిక్కు పడితే
ఆ ఇంటోళ్ళదని మాట అనుకున్నం.
తీరా పెరిగినంక చూస్తే పుంజు.
నాలుగున్నర కొట్టంగనే
గొంతు పలిగేటట్టు కూస్తది.
ఆమె నమాజుకు లేస్తది, నేను మార్కెట్ ఆటోకు.
రెండిండ్ల బుగ్గలు ఒక్కపారి వెలుగుతయి.

నిన్న బియ్యం డబ్బ జరిపిన.
మణికట్టు మీద మల్ల పొడిచింది,
పాత మచ్చ పక్కనే.