గేజీ కరిబసప్ప

బొమ్మనహాళ్ దాటినాక, కాలువ గట్టు మీద
సున్నం కొట్టిన ఒంటి గది.
నీళ్ళలోకి దిగిన తెల్లపట్టీ, నల్ల అంకెలు.
అటు బళ్ళారి, ఇటు మేము.

కరిబసప్ప జడ్జీ కాదు, పదో తరగతి ఫెయిలు.
రెండు రాష్ట్రాల తగవు మాత్రం
రోజుకు మూడుసార్లు పుస్తకంలో రాసేవాడు.
జీతం రెండు సర్కార్లూ కలిసి ఇచ్చేవి,
టీ మాత్రం ఎవురిదీ తాగేవాడు కాదు.
ఫ్లాస్కు ఇంటి నుంచే.
కన్నడంలో తిట్టుకుంటాడు, తెలుగులో పలకరిస్తాడు.

మిరప పూతకొచ్చిన ఏడాది
నేనే పోయినా, అర్ధరాత్రి.
వరసకి బావ నాకు.
"రెండంగుళాలు తక్కువ రాయి బావా,
రేపు పైనుంచి ఇంకొన్ని వదుల్తారు" అన్నా.
కోప్పడలా.
బ్యాటరీ లైటు చేతికిచ్చి
"నువ్వే దిగి చదువు" అన్నాడు.
పాచి మెట్ల మీద మోకాటి లోతున నిలబడి చదివినా.
ఐదడుగుల తొమ్మిది.
"గట్టిగా చెప్పు."
ఏడు అనేదానికి నోరు రాలా.

ఆ ఏడాది ఎకరా మిరప ఎండింది.
మా అక్క ఆర్నెల్లు ఆయనతో మాట్లాడలా.

అటువైపోళ్ళు ఎక్కువ రాయమని వచ్చినారంట తర్వాత,
వాళ్ళకీ అదే లైటు ఇచ్చినాడంట.

మొన్న జూన్లో ఆయన్ని డ్యాం కాడికి మార్చినారు.
ఎవురు మార్పించినారో
రెండువైపులా తెలుసు, రెండువైపులా చెప్పరు.

కొత్తాయన మంచోడే.
ఇద్దరి టీ తాగుతాడు, ఇద్దరితో నవ్వుతాడు.
ఇప్పుడు రాత్రిళ్ళు
మా ఊరోళ్ళు ఇద్దరు, వాళ్ళ ఊరోళ్ళు ఇద్దరు
గేజీ పక్కన దుప్పట్లు పరుచుకొని కాపలా.
ఒకరి బీడీకి ఒకరు నిప్పిస్తాం.
అంకె మాత్రం
ఎవురికి వాళ్ళం లేచి చూసుకుంటాం.